ఆకాశంలోకి వేసిన లేజరు పైలట్ కంటికేం చేస్తుంది?

తిరునాళ్ళలో, ఎగ్జిబిషన్లలో, సెల్‌ఫోను కవర్లు అమ్మే తోపుడుబళ్ళ మీద ఇప్పుడొక వస్తువు కనిపిస్తోంది. బాల్‌పెన్ను కన్నా కాస్త లావుగా వుంటుంది. మీట నొక్కితే ఆకుపచ్చటి కిరణం దారంలా బయటికి వస్తుంది. ఎదురింటి గోడ మీద, వాటర్ ట్యాంకు మీద, అల్లంత దూరాన వున్న గుట్ట మీద కూడా చుక్క పడుతుంది. పిల్లలకి అంతకన్నా సరదా ఏం కావాలి? రెండు రోజులు పిల్లిని పరిగెత్తిస్తారు. మరో రెండు రోజులు వీధిన పోయేవాళ్ళ చొక్కాల మీద వేస్తారు. ఆ తర్వాత మేడెక్కి ఆకాశం కేసి తిప్పుతారు. సరిగ్గా అప్పుడు విమానమొకటి దీపాలు మిణుకుమంటూ కిందికి దిగుతూ వుంటే, చెయ్యి దానంతటదే అటు తిరుగుతుంది.

ఇలా చేసేవాళ్ళంతా దుర్మార్గులేం కారు. పిల్లలే కాదు, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ళు కూడా చేస్తున్నారు. ‘అంత ఎత్తున పోయే విమానానికి ఈ పెన్ను వెలుగు ఎక్కడ అందుతుంది?’ అని వాళ్ళ ధీమా. కిరణం వేసిన తర్వాత కూడా వాళ్ళకేమీ తెలియదు. విమానం ఆగదు, కేక వినిపించదు. తన దారిన తను పోతుంది. అంచేత ఏమీ జరగలేదనే అనుకుంటారు. చిక్కంతా ఇక్కడే వుంది. కింద నుంచి చూసేవాడికి సన్నటి దారంగా కనిపించేది, పైన కూర్చున్న వాడికి అలా కనిపించదు.

అమెరికాలో పైలట్లు ఇలాంటి ఫిర్యాదులు ఎన్ని చేశారో అక్కడి విమానయాన శాఖ ప్రతి ఏడూ లెక్క ప్రకటిస్తుంది. 2023లో 13,304. 2024లో 12,840. రోజుకి సగటున ముప్పై అయిదు చొప్పున అన్నమాట! మన దేశంలోనూ కోల్‌కతాలో, చెన్నైలో దిగే విమానాల పైలట్లు ఇదే మొర పెట్టుకున్నారు.

చుక్క కాస్తా బండిచక్రమంత!

లేజరు కిరణం అసలు విచ్చుకోదని, ఎంత దూరం పోయినా సూదిమొనలాగే వుంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. టార్చిలైటు వెలుగులా గబుక్కున విచ్చుకోదు కానీ, కొద్దికొద్దిగా విచ్చుకుంటూనే వుంటుంది. మామూలు పాయింటరు కిరణం కిలోమీటరు దూరం పోయేసరికి సుమారు మీటరు వెడల్పవుతుంది. ఎదురింటి గోడ మీద మినపగింజంత వున్న చుక్క అక్కడికి చేరేసరికి బండిచక్రమంత అవుతుంది. మూడు కిలోమీటర్ల దూరానికి మూడు మీటర్లు. అంటే పైలట్ ముందున్న అద్దాలను నిండుగా కప్పేసేంత!

ఆ అద్దం కూడా మన కిటికీ అద్దంలాంటిది కాదు. చాలా మందంగా, పొరలు పొరలుగా వుంటుంది. గాలిలోని దుమ్ము కొట్టుకుని కంటికి కనపడని సన్నటి గీతలు పడి వుంటాయి. వర్షం పడ్డ రాత్రి బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని చూశారా? ఎదురుగా లారీ వస్తే దాని హెడ్‌లైట్లు రెండే అయినా, అద్దమంతా వెలిగిపోయి రోడ్డే కనిపించదు. లేజరు తగిలినప్పుడు విమానం అద్దానికి పట్టే గతి అదే. అద్దమంతా ఆకుపచ్చగా భగ్గుమంటుంది. పైగా కింద వున్నవాడి చెయ్యి నిలకడగా వుండదు గదా! వెలుగు వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. కాక్‌పిట్‌లో మెరుపులు మెరిసినట్లుంటుంది.

విమానం ఎంతో ఎత్తున వుంటుందనేది కూడా దిగేటప్పుడు నిజం కాదు. రన్‌వేకి పది కిలోమీటర్ల దూరంలో వుండగా విమానం ఎత్తు సుమారు అర కిలోమీటరు. అయిదు కిలోమీటర్ల దూరంలో పావు కిలోమీటరు. శంషాబాదు, గన్నవరం, రేణిగుంట విమానాశ్రయాల చుట్టుపక్కల గ్రామాల వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. విమానం పేరు చదవగలిగేంత దగ్గరగా వెళుతుంది.

చీకటికి అలవాటుపడిన కన్ను

మాట్నీ ఆటకి ఆలస్యంగా వెళితే ఏమవుతుంది? ఎండలోంచి హాల్లోకి అడుగుపెట్టగానే సీట్లు కనపడవు. తడుముకుంటూ వెళ్ళి ఎవరి ఒళ్ళోనో కూర్చోబోతాం. కాసేపటికి వరసలు, మనుషులు, అన్నీ తెలుస్తాయి. కంటి వెనక వున్న రెటీనా అనే పొరలో మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరే వున్నాయి. వాటిలో వుండే రంగు పదార్థం వెలుతురు తగిలితే విరిగిపోతుంది. చీకట్లో మళ్ళీ తయారవుతుంది. దాని తయారీకే విటమిన్ ‘ఎ’ కావాలి. అది చాలకపోతే రేచీకటి వస్తుంది. ఈ పదార్థం పూర్తిగా కూడుకోవటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. పోవటానికి మాత్రం క్షణం చాలు.

రాత్రిపూట విమానం దింపే పైలట్ కాక్‌పిట్‌లో దీపాలు బాగా తగ్గించుకుంటాడు. కంటిపాప పెద్దదై వుంటుంది. బయట చీకట్లో రన్‌వే దీపాల వరసను వెతుక్కుంటూ వుంటాడు. కన్ను అన్ని తలుపులూ తెరుచుకుని కూర్చున్న సమయమది. ఆ తెరిచిన తలుపుల్లోంచే లేజరు వచ్చి పడుతుంది.

అందులోనూ ఆకుపచ్చది మరీ చెడ్డది. మన కంటికి అన్ని రంగులూ ఒకలా కనిపించవు. ఎరుపు పాయింటరు, ఆకుపచ్చ పాయింటరు సరిసమానమైన శక్తితో వెలిగినా, ఆకుపచ్చది కంటికి ఎనిమిది రెట్లు ఎక్కువ కాంతిగా తోస్తుంది. ఇరవై ఏళ్ళ క్రితం బజార్లో ఎక్కువగా ఎర్రవి దొరికేవి. ఆకుపచ్చవి చవకైన తర్వాతే పైలట్ల బాధలు పెరిగాయి.

గుడ్డివాడైపోతాడా?

లేజరు తగిలితే పైలట్ గుడ్డివాడైపోతాడని కొందరు రాస్తారు. అది అతిశయోక్తి. కొన్ని అంకెలు చెపుతాను, ఓపికగా చదవండి.

అయిదు మిల్లీవాట్ల మామూలు ఆకుపచ్చ పాయింటరు తీసుకుందాం. మిల్లీవాటంటే వాటులో వెయ్యో వంతు. ఇది కంటి రెటీనాకి హాని చెయ్యగలిగేది సుమారు 16 మీటర్ల లోపే. ఆ తర్వాత 80 మీటర్ల దాకా కళ్ళు బైర్లు కమ్ముతాయి. అంటే ఫొటోగ్రాఫరు ఫ్లాష్ వేసిన తర్వాత కళ్ళముందు మచ్చ తేలినట్లు, వెలుగు పోయాక కూడా కొన్ని సెకన్ల పాటు ఏమీ కనపడదు. 350 మీటర్ల దాకా మిరుమిట్లు గొలుపుతుంది. వెలుగు వున్నంతసేపూ దాని వెనక వున్నదేదీ కనిపించదు. మూడున్నర కిలోమీటర్ల దాకా, చూపు లాగేసి దృష్టి మళ్ళిస్తుంది.

ఇది అయిదు మిల్లీవాట్ల సంగతి. ఇప్పుడు అయిదువందల మిల్లీవాట్లవి కూడా దొరుకుతున్నాయి. దానికి పై దూరాలన్నీ పదిరెట్లు చేసుకోండి. కంటికి హాని 160 మీటర్ల దాకా. కళ్ళు బైర్లు కమ్మటం 800 మీటర్ల దాకా. మిరుమిట్లు మూడున్నర కిలోమీటర్ల దాకా!

కాబట్టి పెద్ద విమానం పైలట్‌కి చూపు శాశ్వతంగా పోవటం అరుదు. అసలు ప్రమాదం, కొన్ని క్షణాల పాటు చూపు లేకపోవటం. ఆ కొన్ని క్షణాలు ఏ క్షణాలన్నదే ప్రశ్న. మీరు ఇంట్లో కూర్చుని అయిదు సెకన్లు కళ్ళు మూసుకుంటే ఏమీ కాదు. దిగుతున్న జెట్ విమానం గంటకి దాదాపు 260 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు అని లెక్కపెట్టేలోగా 360 మీటర్లు ముందుకి వస్తుంది. ఆరంతస్తుల మేడంత కిందికి దిగుతుంది. అంతసేపూ పైలట్‌కి రన్‌వే కనపడలేదనుకోండి. విమానంలో వందన్నరమంది వున్నారనుకోండి.

కళ్ళు బైర్లు కమ్మినప్పుడు మరో ఇబ్బంది కూడా వుంది. మనం నిటారుగా వున్నామో, పక్కకి ఒరిగామో తెలియటానికి చెవి లోపలి భాగం కొంత సాయం చేస్తుంది, కన్ను ఎక్కువ సాయం చేస్తుంది. చీకట్లో ఎగిరేవాడికి కంటి సాయం తప్పితే చెవి అబద్ధం చెప్పవచ్చు. విమానం ఒరిగినా ఒరగనట్లు, ఒరగకపోయినా ఒరిగినట్లు అనిపిస్తుంది. పైగా ఉలికిపాటు. ఎక్కడి నుంచి వచ్చిందీ వెలుగు, మళ్ళీ వస్తుందా అనే కంగారు.

‘ఇద్దరు పైలట్లుంటారు కదా?’ అని అడగవచ్చు. వుంటారు. ఒకరికి తగిలితే రెండో వారు విమానాన్ని అందుకుంటారు. తల తిప్పుకోవాలని, కాక్‌పిట్ దీపాలు పెంచుకోవాలని, వెంటనే కంట్రోలు టవరుకి చెప్పాలని వాళ్ళకి నేర్పుతారు కూడా. కానీ ఇద్దరూ చూసేది ఒకే వైపుకి. రోగుల్ని మోసుకుపోయే హెలికాప్టర్లలో, పోలీసు హెలికాప్టర్లలో చాలాచోట్ల పైలట్ ఒక్కడే. అవి ఎగిరేది ఇంకా తక్కువ ఎత్తున. అక్కడ అందుకోవటానికి ఎవరున్నారు?

‘నల్లద్దాలు పెట్టుకోవచ్చుగా?’ అన్నది రెండో ప్రశ్న. రాత్రిపూట నల్లద్దాలతో విమానం దింపటం కుదిరే పని కాదు. ఆకుపచ్చ లేజరును మాత్రమే ఆపే ప్రత్యేకమైన అద్దాలున్నాయి. కానీ రన్‌వే మొదలయ్యే చోటును చూపించే దీపాలు కూడా ఆకుపచ్చవే! ఒకదాన్ని ఆపబోతే రెండోది మసకబారవచ్చు.

ఇంతవరకూ లేజరు వల్లనే విమానం కూలిందని రుజువైన సంఘటన లేదు. ఇది పైలట్ల శిక్షణ గొప్పతనం. కిరణం వేసేవాళ్ళ మంచితనం కాదు.

జరిగిన సంగతులు

1995 అక్టోబరులో అమెరికాలోని లాస్ వేగాస్ నుంచి రాత్రివేళ బయలుదేరిన విమానంలో కో-పైలట్‌కి కింద హోటలు దగ్గర వేస్తున్న లేజరు షో కిరణం తగిలింది. అతనికి కళ్ళు కనపడక కెప్టెన్ విమానాన్ని అందుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆరుబయట లేజరు షోలు ఆపించారు. 2008 మార్చిలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొందరు కూడబలుక్కుని, దిగుతున్న ఆరు విమానాల మీద ఆకుపచ్చ కిరణాలు వేశారు. విమానాల దారి మళ్ళించవలసి వచ్చింది. ఆ దేశంలో చట్టాలు బిగిసింది అప్పుడే. 2016 ఫిబ్రవరిలో లండన్ నుంచి న్యూయార్క్‌కి బయలుదేరిన విమానానికి కిరణం తగిలింది. కో-పైలట్‌కి ఒంట్లో బాగాలేకపోవటంతో విమానం వెనక్కి తిరిగి మళ్ళీ లండన్‌లోనే దిగింది. ఒక్కడి సరదాకి అంతమంది ప్రయాణం పాడయింది.

శిక్ష సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో 2012 చట్టం ప్రకారం అయిదేళ్ళ జైలు పడవచ్చు. బ్రిటన్‌లో 2018 చట్టమూ అంతే. మన దేశపు విమాన నియమాలు కూడా విమానాశ్రయాల దగ్గర పైలట్ల కళ్ళు చెదిరే వెలుగులు చూపటాన్ని నిషేధించాయి. ‘చీకట్లో మేడ మీదున్న మమ్మల్ని ఎవరు పట్టుకుంటారు?’ అనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. పైనుంచి చూసేవాడికి ఆ కిరణం రెండో కొస ఎవరి మేడ మీద వుందో తెలుస్తూనే వుంటుంది. పోలీసు హెలికాప్టరు మీద కిరణం వేసి, నిమిషాల్లో ఇంటిముందు పోలీసుల్ని చూసినవాళ్ళు విదేశాల్లో చాలామంది వున్నారు.

నొప్పి వుంటే ప్రమాదమా? లేకపోతే ప్రమాదమా?

డాక్టరుగా నాకు ముఖ్యమనిపించే సంగతి ఇది. లేజరు తగిలిన పైలట్లలో కొందరు కన్ను మండుతోందని, ఇసుక పడ్డట్టుందని, నీరు కారుతోందని డాక్టరు దగ్గరికి వస్తారు. పరీక్షించి చూస్తే కొందరిలో కంటి ముందుభాగమైన కార్నియా మీద గీత వుంటుంది. అది లేజరు చేసిన గాయం కాదు! కంటికి కనిపించే వెలుగు కార్నియాకి ఏ హానీ చెయ్యకుండా గాజులోంచి వెళ్ళినట్లు లోపలికి వెళ్ళిపోతుంది. కంగారులో కన్ను గట్టిగా రుద్దుకోవటం వల్ల పడ్డ గీత అది.

రెటీనాలో నొప్పి తెలిపే నరాలు లేవు. అక్కడ నిజంగా కాలినా నొప్పి పుట్టదు. నొప్పి వుంటే గాయం పైపైనే కావచ్చు. నొప్పి లేదని ధీమాగా వున్నవాడి కన్ను లోపల కాలి వుండవచ్చు. ‘మావాడికి నొప్పేమీ లేదండీ, కాస్త మసగ్గా వుందంటున్నాడంతే’ అనే తల్లిదండ్రులు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఎందుచేతనంటే, ఆ పాయింటరు విమానానికి కిలోమీటర్ల దూరంలో వున్నా, మీ ఇంట్లో పిల్లవాడి కంటికి జానెడు దూరంలోనే వుంటుంది. పైలట్‌కి దూరమే రక్ష. పిల్లవాడికి ఆ రక్ష లేదు. కంటిలోని లెన్సు కిరణాన్ని పోగుచేసి రెటీనా మీద చిన్న చుక్కగా వేస్తుంది. అక్కడ దాని తీవ్రత లక్షరెట్లవుతుంది. భూతద్దంతో ఎండను పోగుచేసి కాగితం అంటించటం చిన్నప్పుడు మీరు చేసే వుంటారు. ఆ చుక్క సాధారణంగా పడేది మాక్యులా మీద. మనం చదివేది, మనుషుల్ని గుర్తుపట్టేది, సూదిలో దారం ఎక్కించేది దానితోనే.

గ్రీసు దేశంలో తొమ్మిదేళ్ళ కుర్రవాడు ఆకుపచ్చ పాయింటరు వెలుగులోకి పదేపదే చూశాడు. ఎడమ కంటి మాక్యులాకి చిల్లు పడింది. ఏడాదిన్నర తర్వాత చూసినా చూపు బాగుపడలేదు. 2018లో ఈ కేసును ఒక పేరున్న వైద్య పత్రికలో ప్రచురించారు. మన పక్కనే మహారాష్ట్రలోని నాసిక్‌లో 2023 వినాయక ఉత్సవాల ఊరేగింపుల తర్వాత కొందరు యువకులు రెటీనా కాలి కంటి డాక్టర్ల దగ్గరికి వచ్చారు. డీజే బళ్ళ మీద బిగించిన లేజరు దీపాలే దానికి కారణం. మన ఊళ్ళలోనూ పెళ్ళి ఊరేగింపులకి, జాతరలకి ఆ దీపాలు వస్తున్నాయి. ఆ బళ్ళ ముందు డాన్సు చేసే పిల్లల ముఖాలు సరిగ్గా దీపాల ఎత్తునే వుంటాయి.

రెప్పపాటు కాపాడుతుందని అంటారు. నిజమే, ఒక మిల్లీవాటు లోపు వాటినుంచి కాపాడుతుంది. పెద్ద వెలుగు పడితే పావు సెకనులో రెప్ప వాలుతుంది. అంతకన్నా శక్తివంతమైన వాటికి పావు సెకను చాలు. పైగా ‘ఎవడు ఎక్కువసేపు చూడగలడో’ అని పందెం వేసుకునే పిల్లలకి రెప్ప ఏం సాయం చేస్తుంది?

పెట్టె మీద రాసింది నమ్ముదామా అంటే, అదీ కష్టమే. అమెరికాలో కొలతల ప్రమాణాలు చూసే జాతీయ సంస్థ 122 పాయింటర్లను పరీక్షించి 2013లో ఫలితాలు చెప్పింది. ఆకుపచ్చ వాటిలో దాదాపు నూటికి తొంభై, ఎర్ర వాటిలో నలభై నాలుగు, అక్కడి నిబంధనలకి లోబడి లేవు. అయిదు మిల్లీవాట్లు దాటకూడని చోట ఒకటి అరవై ఆరు దాటింది! చవక ఆకుపచ్చ పాయింటర్లలో ఇంకో మోసం వుంది. అవి లోపల మొదట తయారుచేసేది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణం. దాన్నే ఆకుపచ్చగా మారుస్తాయి. మిగిలిపోయిన దాన్ని ఆపే ఫిల్టరు ఖరీదు తగ్గించటానికి తీసేస్తే, అది కూడా బయటికి వస్తుంది. కనపడదు కనక రెప్ప వాలదు. ‘ఆకుపచ్చ చుక్క మసగ్గానే వుంది, ఏం కాదు’ అనుకునే పాయింటరే ఎక్కువ హాని చెయ్యవచ్చు.

కంట్లో కిరణం పడితే

ముందుగా, కన్ను రుద్దవద్దు. పిల్లల చేతులు పట్టుకుని అయినా ఆపండి. తల్లిపాలు, తేనె, కొబ్బరినూనె వెయ్యవద్దు. మందులషాపులో అడిగి చుక్కల మందు తెచ్చి వేసినందువల్ల రెటీనాకి ఒరిగేదేమీ లేదు. ఆ చుక్కలు అంత లోపలి గాయాన్ని మాన్పలేవు.

గళ్ళ నోటు పుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. మధ్యలో పెన్నుతో చుక్క పెట్టండి. జానెడున్నర దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో ఆ చుక్కనే చూడమనండి. చదువుకునే అద్దాలుంటే పెట్టుకునే చూడాలి. చుట్టూ గీతలన్నీ తిన్నగా కనిపిస్తున్నాయా? ఎక్కడైనా వంకర తిరిగాయా? కొన్ని గళ్ళు మాయమై అక్కడ మరక వున్నట్లుందా? రెండు కళ్ళకీ విడివిడిగా చెయ్యాలి. రెండూ కలిపి చూస్తే బాగున్న కన్ను చెడ్డదాని లోపాన్ని కప్పేస్తుంది. పైలట్లకి చేయించే పరీక్షల్లో ఇలాంటి గళ్ళ కాగితం కూడా వుంటుంది.

ఫ్లాష్ తగిలినట్లుండే మచ్చ నిమిషాల్లో పోతే సాధారణంగా భయం లేదు. మర్నాటికీ మసక పోకపోయినా, గళ్ళు వంకర తిరిగినా, ఆలస్యం చెయ్యకుండా రెటీనా చూసే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపలికి చూస్తారు. ఆ పూట చదవటానికి కాస్త ఇబ్బందిగా వుంటుంది, స్కూటరు నడపకూడదు. తోడుగా ఎవరైనా వెళ్ళటం మంచిది.

వెళ్ళేటప్పుడు ఆ పాయింటరును కూడా తీసుకువెళ్ళండి, బ్యాటరీ తీసేసి. అది ఏ రంగుదో, ఎంత శక్తిదో, ఎంత దూరం నుంచి, ఎంతసేపు కంట్లో పడిందో డాక్టరు అడుగుతారు. పిల్లవాడు దెబ్బలు పడతాయని ఎక్కువసార్లు చూసిన సంగతి దాచవచ్చు. ముందు తిట్టకుండా అడిగితే చెపుతాడు.